ఫ్రాంకెన్‌వీనీ పిల్లలకి చూపించొచ్చా? పర్లాకిమిడిలో అమ్మలూ నాన్నలూ అడిగేవన్నీ ఒకేచోట

ఎండాకాలం సెలవులొస్తే మా వీధి పిల్లగుంటలందరికీ మా హాల్లో సినిమా పెడుతుంటా. వాటన్నిట్లో ఎక్కువ ప్రశ్నలు తెచ్చిపెట్టేది ఈ కుక్క సినిమానే. సినిమా అవుతుండగా పిల్లలు అడుగుతారు, పిల్లలు ఇంటికెళ్ళాక వాళ్ళమ్మలు ఫోన్ చేస్తారు, మర్నాడు బజార్లో వాళ్ళ తాతలు ఆపుతారు. పాతపట్నం నుంచి వచ్చే మా చుట్టాల పిల్లలదీ అదే వరస. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఒక్క మాట, ఇందులో కథ మొత్తం చెప్పేస్తున్నా, ఇది పెద్దవాళ్ళ కోసం, పిల్లల చేత చదివించకండి.

అసలు ఏటి సినిమా ఇది?

2012లో వచ్చిన డిస్నీ యానిమేషన్ సినిమా, డైరెక్టర్ టిమ్ బర్టన్, నిడివి 87 నిమిషాలు. విక్టర్ అనే పిల్లాడు, స్నేహితులు పెద్దగా లేరు, వాడికున్నదల్లా స్పార్కీ అనే కుక్క. దాన్నే హీరోగా పెట్టి ఇంట్లో చిన్న చిన్న సినిమాలు తీసుకుంటుంటాడు. నాన్నకేమో వీడు నలుగురితో కలవాలి, ఆటలాడాలి అని ఉంటుంది, సరే అని బేస్‌బాల్ ఆడటానికి వెళ్తాడు. బంతి గట్టిగా కొడతాడు, కుక్క అలవాటుగా బంతి వెనకాల పరిగెత్తుతుంది, రోడ్డు మీదకి వెళ్తుంది, కారు కింద పడిపోతుంది. తర్వాత బళ్ళో సైన్సు మాస్టారు చచ్చిన కప్పకి కరెంటు పెట్టి కాలు కదిలించి చూపిస్తాడు. వీడికి అక్కడ ఆలోచన వస్తుంది. రాత్రికి రాత్రి సమాధి తవ్వి, కుక్కని మేడ మీద గదిలోకి తెచ్చి, మెరుపు పట్టి దాన్ని లేపుతాడు. ఆ సంగతి క్లాసులో మిగతావాళ్ళకి తెలిసిపోయి, సైన్సు ఫెయిర్లో ప్రైజు కోసం వాళ్ళూ తలో చచ్చిన జీవాన్ని లేపుతారు. అవన్నీ రాక్షసులై ఊరి మీద పడతాయి.

కుక్క చచ్చిపోతుందా? ముందే చెప్పేయండి, మా అమ్మాయి తట్టుకోలేదు.

చచ్చిపోతుంది. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిది సినిమా మొదలైన కాసేపటికే, రెండోది చివర్లో గాలిమర కాలిపోయే సీన్లో. రెండుసార్లూ మళ్ళీ లేస్తుంది. కారు గుద్దే సీన్లో రక్తం అదీ ఏం చూపించరు, చప్పుడు, పిల్లాడి మొహం, అంతే. కానీ ఆ తర్వాత వాడు ఖాళీ మంచం మీద పడుకునే నిమిషం ఉందే, అక్కడ హాల్లో ఒక్క గుంటడు కూడా మాట్లాడడు. మీ అమ్మాయి పక్కన కూర్చోండి, చాలు. పిల్లల్ని ఏడవనివ్వడానికి మనం ఎందుకింత భయపడతామో నాకు తెలీదు గానీ, కుక్క కోసం ఏడ్చే పిల్లకి ఏ జబ్బూ లేదు.

ఏ వయసు వాళ్ళకి పనికొస్తుంది?

అమెరికాలో పీజీ రేటింగ్ ఇచ్చారు, అంటే పెద్దవాళ్ళు చూసుకుని చూపించమని. నా లెక్కలో ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి ఇబ్బంది లేదు. ఆరేడేళ్ళవాళ్ళు మీ ఒళ్ళో కూర్చుని చూస్తే పర్లేదు. అంతకంటే చిన్నవాళ్ళకి వద్దు. కుక్క పోవడం వల్ల కాదు, ఆఖరి అరగంటలో ఒక పిల్లి గబ్బిలంలా మారి ఎగిరే సీన్ల వల్ల.

బ్లాక్ అండ్ వైటా? మా వాడు టీవీ పోయిందనుకుని రిమోట్ నొక్కుతున్నాడు.

అందరూ అదే అంటారు. టీవీ బాగానే ఉంది. సినిమా మొత్తం కావాలనే నలుపు తెలుపులో తీశారు, ఎందుకంటే ఇది శవానికి ప్రాణం పోసే కథతో 1931లో వచ్చిన ఫ్రాంకెన్‌స్టైన్ లాంటి పాత భయం సినిమాల మీద ప్రేమతో తీసింది. నిజానికి ఐమాక్స్ త్రీడీలో విడుదలైన మొదటి పూర్తి నిడివి బ్లాక్ అండ్ వైట్ సినిమా ఇదే. మొదటి పది నిమిషాలు గోల చేస్తారు, తర్వాత రంగుల సంగతే మర్చిపోతారు. ఇంట్లో మాయాబజార్ పాత ప్రింటు చూసి పెరిగిన తాతలుంటే వాళ్ళని పక్కన కూర్చోబెట్టండి, పిల్లల కంటే ముందు వాళ్ళే లీనమైపోతారు.

బొమ్మలతో తీశారంటారు, మరి ఎలా కదుల్తాయి? కంప్యూటరా?

కాదండీ, చేత్తో. దీన్ని స్టాప్ మోషన్ అంటారు. బొమ్మ లోపల కీళ్ళున్న ఇనప చట్రం ఉంటుంది. దాన్ని ఒక భంగిమలో పెట్టి ఒక ఫొటో తీస్తారు, చెయ్యి రవ్వంత జరిపి ఇంకోటి తీస్తారు, మళ్ళీ జరిపి మళ్ళీ తీస్తారు. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు పరిగెత్తుతాయి కాబట్టి మన కంటికి బొమ్మ బతికున్నట్టే అనిపిస్తుంది. లెక్క కట్టమని మా గుంటలకే ఇచ్చాను: 87 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు, సెకనుకి 24. మొత్తం 1,25,280 ఫ్రేములు. ఒక్కోచోట ఒకే ఫొటోని రెండు ఫ్రేములకి వాడతారనుకున్నా కూడా, వేలకి వేలసార్లు ఎవరో ఒకరు వంగి కుక్క తోకో చెవో జరిపారన్నమాట. స్పార్కీ బొమ్మ అరచేతిలో పట్టేంతే, అంత చిన్న ఒంట్లోనే కీళ్ళన్నీ ఇమిడ్చారు. షూటింగ్ లండన్లో త్రీ మిల్స్ స్టూడియోలో, బొమ్మలు చేసింది ఇంగ్లండులోనే మెకిన్నన్ అండ్ సాండర్స్ అనే కంపెనీ.

మన ఊరి పిల్లలకి ఇది చెప్పడం చాలా వీజీ, కొమ్ము పని చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే చాలు. గేదె కొమ్ముని అరగదీసి, మీసాలతో సహా రొయ్యని నిలబెడతారే, ఆ ఓపికే ఇక్కడా. రొయ్యని ఒక్కసారి చేస్తే అయిపోతుంది, ఇక్కడ దాన్ని సెకనుకి ఇన్నిసార్లు కదపాలి కూడా. ఆ సినిమా చూశాక మా ఇంటి పక్క గుంటడు ఫోన్ పెట్టుకుని మట్టి కుక్కతో నాలుగు సెకన్ల వీడియో తీశాడు, దానికే ఒక మధ్యాహ్నం మొత్తం పట్టింది, భోజనానికి పిలిస్తే రాలేదు. వాళ్ళ అమ్మ నన్ను తిట్టింది, అది వేరే సంగతి.

ఇది నిజంగా జరిగిన కథా?

కుక్కని లేపడం తప్ప మిగతాది కొంత నిజమే అనుకోవచ్చు. టిమ్ బర్టన్ 1958లో కాలిఫోర్నియాలో బర్బ్యాంక్ అనే ఊళ్ళో పుట్టాడు. చిన్నప్పుడు ఆయనకి పెపె అనే కుక్క ఉండేది, దాన్ని పోగొట్టుకున్న బాధలోంచే ఈ కథ పుట్టింది. ఇదే కథని 1984లో, డిస్నీలో కుర్ర ఉద్యోగిగా ఉన్నప్పుడు, మామూలు నటులతో అరగంట సినిమాగా తీశాడు. చిన్నపిల్లలకి మరీ భయంగా ఉందని కంపెనీ దాన్ని పక్కన పెట్టేసింది, ఆయన ఉద్యోగం కూడా దాంతోనే పోయింది. 28 ఏళ్ళ తర్వాత అదే కంపెనీ అదే కథకి డబ్బులు పెట్టి ఆయన చేతే పెద్ద సినిమా తీయించింది, దానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. 2013లో ఆ అవార్డు డిస్నీ పిక్సార్ వాళ్ళదే బ్రేవ్‌కి వెళ్ళింది. నన్నడిగితే దీనికే ఇవ్వాల్సింది. నన్నెవరడుగుతారు.

మా మామ్మ అంటోంది, చచ్చినదాన్ని లేపడమేటి, అపచారం కాదా అని.

మామ్మగారికి కచుడి కథ గుర్తు చెయ్యండి. రాక్షసులు కచుణ్ణి చంపేస్తే దేవయాని నాన్న దగ్గర కూర్చుని ఏడుస్తుంది, శుక్రాచార్యులు మృతసంజీవనితో లేపుతాడు. మళ్ళీ చంపితే మళ్ళీ లేపుతాడు. మూడోసారి కాల్చి బూడిద చేసి కల్లులో కలిపి ఆయన చేతే తాగించేస్తే, కడుపులో ఉన్న శిష్యుడికే మంత్రం నేర్పించి, వాడు బయటికొచ్చాక తను వాడి చేత లేపించుకుంటాడు. మన భారతంలో ఉన్నదే కదా. అంటే ఈ సినిమా మామ్మగారికి కొత్తేం కాదు, మంత్రం బదులు మెరుపు, అంతే తేడా.

ఇంకా గమనిస్తే అక్కడా ఇక్కడా లోపల ఉన్న సంగతి ఒకటే. శుక్రుడు లేపింది కూతురు తట్టుకోలేదని. విక్టర్ లేపింది కుక్క లేకుండా ఉండలేక. మిగతా పిల్లలు లేపింది ప్రైజు కోసం, పోటీ కోసం. సైన్సు మాస్టారు విక్టర్‌కి ఒకచోట చెప్తాడు, సైన్సుని బుర్రతోనే చేస్తారనుకుంటారు గానీ గుండె కూడా కావాలి అని. ఆ మాస్టారు నాకు మహా ఇష్టం. పేరు పలకడం కష్టం, మొహం చూస్తే భయం, నోరు తెరిస్తే తల్లిదండ్రుల మీటింగులో అందర్నీ ఉన్నదున్నట్టు తిట్టేసి ఉద్యోగం పోగొట్టుకుంటాడు. ఇలాంటి మాస్టార్లు మన బళ్ళలోనూ ఉంటారు, వాళ్ళని సాగనంపాక గానీ వాళ్ళ విలువ తెలీదు.

చచ్చిన కప్ప కాలు కరెంటు పెడితే నిజంగా కదుల్తుందా?

కదుల్తుంది. 1780ల్లో ఇటలీలో బొలోన్యా ఊళ్ళో లుయీజి గాల్వాని అనే ఆయన చూసిందే ఇది, 1791లో రాసి పెట్టాడు. అప్పుడే చచ్చిన కప్ప కాల్లో నరం, కండ ఇంకా కొంతసేపు పనిచేస్తాయి, కరెంటు తగిలితే కండ ముడుచుకుంటుంది. అది బతకడం కాదు. అదే దేశంలో వోల్టా అనే ఆయన గాల్వానితో ఒప్పుకోక, కరెంటు కప్పలోంచి రావట్లేదు, రెండు రకాల లోహాల వల్ల వస్తోందని పట్టుబట్టి చివరికి 1800లో బ్యాటరీ తయారుచేశాడు. మన టార్చిలైటు ఆ గొడవలోంచి వచ్చిందే. ఆ కప్పల కబుర్లు విన్న కాలంలోనే మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్ నవల రాసింది, 1818లో అచ్చయింది. సినిమాలో ఒక పిల్లాడి తాబేలు పేరు షెల్లీ, అది ఊరికే పెట్టింది కాదు.

మా వాడు సినిమా చూసి మెరుపు పడుతుందని డాబా మీదకి ఎక్కాడు! ఏం చెప్పాలి?

ఇది మాత్రం సీరియస్‌గా తీసుకోండి. సినిమా కాలిఫోర్నియా ఆయన తీశాడు, మనం ఉండేది ఒడిశాలో. పిడుగుల వల్ల ఇక్కడ ఏటేటా ఎంతమంది పోతున్నారంటే, ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగుపాటుని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం పూట మహేంద్రగిరి వైపు నల్లగా కమ్ముకొస్తుంది చూడండి, ఆ గాలికి మామిడికాయలు రాలతాయని గుంటలు తోటల్లోకి పరిగెడతారు, ప్రమాదమంతా అక్కడే.

సినిమా ఆపి మా గుంటలకి నేను చెప్పేది ఏటంటే, మెరుపు చుట్టూ గాలి దాదాపు 30,000 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, ఆ వేడికి కుక్క లేవదు, బొగ్గవుతుంది. మెరుపు కనబడి ఉరుము వినబడేలోపు 30 లెక్కపెట్టలేకపోతే పిడుగు దగ్గర్లో ఉన్నట్టే, వెంటనే ఇంట్లోకి వచ్చేయాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి పోకూడదు. చెట్టు కింద నిలబడకూడదు, చెరువులో ఉండకూడదు, డాబా అసలే వద్దు. అర్జునా ఫల్గుణా అనుకోండి, తప్పులేదు, కానీ ఇంట్లో కూర్చుని అనుకోండి. ఫోన్లో దామిని అని ఒక యాప్ ఉంది, పుణేలో ఉన్న వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం చేసింది, మీ చుట్టుపక్కల పిడుగులు పడే సూచనుంటే ముందే చెప్తుంది, పెద్దవాళ్ళు పెట్టుకోండి. ఇంకోటి, పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని చాలామంది దూరంగా నిలబడిపోతారు, అది తప్పు. ఆ ఒంట్లో కరెంటేం ఉండదు, ముట్టుకోవచ్చు, ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, 108కి ఫోన్ చెయ్యాలి.

ఆ రాక్షసులన్నీ ఏంటి? మాకు అర్థం కాలా.

పాత సినిమాల మీద జోకులు. తాబేలు జపాన్ సినిమాల్లోని గమేరా అనే రాక్షస తాబేలు, పక్కింటి పూడిల్ కుక్క నెత్తి మీద తెల్ల చారలు 1935 నాటి బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్ జుట్టు, ఇలా. తెలీకపోయినా నష్టం లేదు. సీ మంకీలంటూ నీళ్ళలోంచి పుట్టుకొచ్చే అల్లరి గుంపు ఒకటుంది, అవి నిజంగానే ఉన్నాయి, ఆర్టీమియా అనే ఉప్పునీటి పురుగులు, మన కోస్తాలో రొయ్యల హేచరీల్లో రొయ్య పిల్లలకి మేతగా వేసేవి అవే. ఈ ముక్క చెప్పాక మా గుంటలకి వాటి మీద భయం పోయింది.

చివర్లో మళ్ళీ బతికిస్తారు కదా, అది పిల్లలకి తప్పుడు ఆశ కాదా?

అందరికంటే మంచి ప్రశ్న ఇదే, దీని మీద మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి. జరిగేది ఇది: కాలుతున్న గాలిమరలోంచి విక్టర్‌ని బయటికి లాగి స్పార్కీ లోపల చిక్కుకుపోతుంది. అంతకుముందు దాన్ని తరిమిన ఊరివాళ్ళే తమ కార్లన్నీ తెచ్చి బ్యాటరీలు కలిపి దాన్ని లేపడానికి చూస్తారు. వెంటనే లేవదు. అప్పుడు విక్టర్, పర్లేదురా, నువ్వు తిరిగి రానక్కర్లేదు, నా గుండెలోనే ఉంటావు అన్నట్టు చెప్పేస్తాడు. ఆ తర్వాత అది కళ్ళు తెరుస్తుంది.

నా మటుకు సినిమా ఆ మాట దగ్గరే అయిపోయింది. పిల్లాడు వదిలేయడం నేర్చుకున్నాడు, అంతకంటే చెప్పాల్సిందేముంది. తర్వాత లేపడం డైరెక్టరు మనసు ఒప్పక చేసిన పని అనిపిస్తుంది, 1984 నాటి చిన్న సినిమాలోనూ ఇలాగే లేపాడు, అప్పుడూ ఒప్పలేదు, ఇప్పుడూ ఒప్పలేదు. మా ఆవిడ అంటుంది, ఆయన కుక్క ఆయన ఇష్టం, మీకేటి కష్టం అని. నిజమే. కానీ పిల్లలతో చూసేటప్పుడు నేను మాత్రం సినిమా అయ్యాక అడుగుతా, లేవకపోయి ఉంటే విక్టర్ ఏం చేసేవాడు అని. ఆ జవాబుల కోసమే ఈ సినిమా మళ్ళీ మళ్ళీ పెడుతుంటా. ఒక చిన్నది అంది, రోజూ దాని గిన్నెలో అన్నం పెట్టి ఇంకో కుక్కని పిలుస్తాడు అని.

మా జిమ్మీ మొన్ననే పోయింది. ఇప్పుడు చూపించమంటారా?

ఇప్పుడే వద్దు. కొన్ని వారాలు పోనివ్వండి, వాడంతట వాడు జిమ్మీ కబుర్లు నవ్వుతూ చెప్పడం మొదలెట్టాక పెట్టండి. ఈలోపు చెయ్యకూడని పని ఒకటే, ఊరెళ్ళింది, ఎవరో తీసుకెళ్ళారు, వచ్చేస్తుంది అని అబద్ధాలు చెప్పకండి. పిల్లలు గేటు దగ్గర కూర్చుని చూస్తారు. సినిమాలో విక్టర్ వాళ్ళమ్మ ఆ అబద్ధం చెప్పదు, మేమే లేపగలిగితే లేపేవాళ్ళం నాన్నా అన్నట్టు మాట్లాడుతుంది, ఆ సీన్ కోసమైనా పెద్దవాళ్ళు ముందు ఒక్కరే చూడండి. పాతిపెట్టేటప్పుడు పిల్లల్నీ రానివ్వండి, పువ్వు వెయ్యనివ్వండి. గొయ్యి మూడడుగుల పైనే లోతుగా, బావికీ బోరుకీ దూరంగా తవ్వించండి, లేకపోతే వేరే కుక్కలు తవ్వేస్తాయి.

స్పార్కీ లాంటి కుక్క కావాలని ఏడుస్తున్నాడు. కొనాలా?

స్పార్కీ బుల్ టెరియర్ జాతి. బలమైన కుక్క, రోజూ బాగా తిప్పాలి, అలవాటు లేని ఇంట్లో కష్టం. దానికి వేలు పోసే బదులు మన ఊరకుక్క పిల్లని పెంచుకోండి, ఈ ఎండకి, ఈ వానకి పుట్టిందది, మిగిలిన అన్నంలో గుడ్డు కలిపి పెట్టినా తోకాడిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో లాంటి కుక్క జబ్బులకి మొదటి టీకా, మూడు నెలలకి రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా. పశువుల ఆసుపత్రిలో అడగండి. వాడు ఏడ్చినందుకు మాత్రం తేవద్దు, వాడి ఏడుపు రెండ్రోజులు, కుక్క పన్నెండేళ్ళు ఉంటుంది.

సినిమా చూసినప్పట్నుంచి వీధి కుక్కలన్నిట్నీ కావలించుకుంటోంది మా అప్పి. కరిస్తే?

తినే కుక్కనీ, పడుకున్న కుక్కనీ, పిల్లల తల్లినీ ముట్టుకోకూడదని నేర్పండి. కరిచినా, గోరు గీరి రక్తం వచ్చినా ముందు సబ్బుతో పంపు నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టకూడదు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి, చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటిరోజు, తర్వాత 3, 7, 28 రోజులకి టీకా. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే దాని లోపలా చుట్టూ రేబిస్ సీరమ్ (వెంటనే రక్షణనిచ్చే మందు) కూడా వెయ్యాలి, అది మీరే అడిగి వేయించండి. మన కుక్కే కదా, చిన్న గీరే కదా అని ఊరుకోవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇంచుమించు ఎవరూ బతకరు.

మా పిల్లలు ఒడియా మీడియం, ఇంగ్లీష్ మాటలు అందవు.

మా హాల్లో కూర్చునేవాళ్ళు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, వీధిలో రెండూ. ఇంగ్లీష్ పెట్టే చూస్తాం, ఒకళ్ళు పక్కనుంచి చెప్తుంటారు, కుక్క సీన్లకి ఎలాగూ మాటలక్కర్లేదు. సైన్సు మాస్టారి డైలాగులు మాత్రం ఆపి చెప్పండి. డాన్నీ ఎల్ఫ్‌మన్ సంగీతం ఉంది కాబట్టి సౌండు కొంచెం పెంచండి, అలాగని పక్కింటివాళ్ళు తలుపు కొట్టేంత కాదు.

మరి బాగా చిన్నవాళ్ళకి?

ఫీస్ట్ అని 2014లో డిస్నీ తీసిన చిన్న సినిమా ఉంది, ఆరు నిమిషాలు, ఆస్కార్ కూడా వచ్చింది. విన్‌స్టన్ అనే కుక్క తిండి పిచ్చి, దాని యజమాని ప్రేమ కథ, కుక్క చచ్చిపోదు, మాటలు దాదాపు లేవు. మూడేళ్ళవాడు కూడా నవ్వుతాడు. సినిమా అంతా తిండే కాబట్టి భోజనాలయ్యాక పెట్టండి, లేదంటే మధ్యలో లేచి పకోడీలు వేయమంటారు.